చిటిక లఘువు, చప్పట గురువు

జనవరి 20, సోమవారం

నాకు ఇంగ్లీషు పలకడం నేర్పుతారట. యాభై మూడేళ్ళ వయసులో.

స్టాఫ్ మీటింగులో అందరి ముందూ చెప్పాడు కరస్పాండెంటు విజయ్‌కుమార్. వాళ్ళ తాత చీపురుపల్లి సంతలో బెల్లం అమ్మాడు, తండ్రి హోల్‌సేల్ కిరాణా పెట్టాడు, ఇతను బడి పెట్టాడు. సరుకు మారింది గాని తూకం మారలేదు. పోయిన వేసవిలో బోర్డు మీద పబ్లిక్ అన్న మాట చెరిపించి ఇంటర్నేషనల్ అని రాయించాడు. రైలు గేటు పడితే మా ఇంటర్నేషనల్ పిల్లలు సగం మంది ప్రేయరుకి అందుకోలేరు.

"మాస్టారూ, జూన్ నుంచి తెలుగు పీరియడ్లు సగానికి తగ్గిపోతాయి. పేరెంట్సంతా ఫోనిక్స్ ఫోనిక్స్ అంటన్నారు. ఒకటి నుంచి మూడో తరగతి దాకా ఇంగ్లీషు మాట ఎలగ పలకాలో మీరే, ఆ ఫోనిక్స్ కూడా సెప్పాల. బిందు మేడం మీకు నేర్పుతాది. మార్చిలో అడ్మిషన్ల ముందు పేరెంట్సుకి డెమో పెడదాం," అన్నాడు.

"నాకు రాదు కదండీ," అన్నాను.

"రాకపోతే జూన్లో కష్టం మాస్టారూ. నానేటి సెయ్యను మరి?"

నవ్వుతూనే అన్నాడు. నేను సరే అన్నాను. స్టాఫ్ రూములోకి వచ్చాక సుద్దముక్క గోడకేసి కొట్టాను. ఇంటికొచ్చి కూరలో ఉప్పు లేదని మా ఆవిడ తాయారు మీద అరిచాను. ఉప్పు ఉంది.

జనవరి 21

వెళ్ళలేదు.

జనవరి 22, బుధవారం

ఇవాళా పాఠానికి వెళ్ళలేదు. ఆ పిల్లే వచ్చింది.

బిందు గరివిడి నుంచి ఆటోలో వస్తుంది. ఎం.ఏ. ఇంగ్లీషు. మాకే ఒక అమ్మాయి ఉంటే ఆ వయసే ఉండేది. తల్లికి పక్షవాతం. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే వరండా చివరికి పోయి పక్కింటావిడకి ఫోన్ చేసి తల్లికి మాత్రలు వేయిస్తుంది. విశాఖపట్నంలో మంచి ఉద్యోగాలు వచ్చినా వెళ్ళలేకపోయిందని ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను. ఇప్పటిదాకా ఆ పిల్లతో నేను నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరం ఏముంది?

"మాస్టారూ, మీరు పెద్దోరు. నేర్పడానికి నాకే సిగ్గుగా ఉన్నాది. కానీ సార్ సెప్పీసేరు కదా," అంటూ ఎదురుగా కూర్చుంది.

బోర్డు మీద ఫోటోగ్రాఫ్ అని రాసింది. ఫో, టొ, గ్రాఫ్. మూడు ముక్కలు. ఫో మీద బరువు. దాని కింద ఫోటోగ్రాఫర్ రాసింది. ఫొ, టా, గ్ర, ఫర్. నాలుగు ముక్కలు, బరువు రెండోదాని మీదకి పోయింది. ఆ కింద ఫోటోగ్రాఫిక్. ఇప్పుడు మూడో ముక్క మీదకి పోయింది.

"ఎందుకు?" అన్నాను.

"తోక మారింది కదా మాస్టారూ. తోకని బట్టి బరువు జరుగుతాది."

"సూత్రం ఏమిటి?"

"కొన్నిటికి ఉన్నాది. షన్ అని అయిపోయే మాటకి దాని ముందు ముక్కకే బరువు. కొన్నిటికి లేదండి. వినాలి అంతే."

"సూత్రం లేనిదాన్ని శాస్త్రమని ఎలా అంటారమ్మా? ఎవడికి ఎలా తోస్తే అలా పలికి, దాన్ని మన నెత్తిన రుద్ది, మనం తప్పు పలికితే నవ్వుతారా?"

ఆ పిల్ల డస్టరుతో తుడిచి మళ్ళీ మొదటి నుంచి రాసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

జనవరి 25, శనివారం

వెజిటబుల్ అన్న మాటలో మూడే ముక్కలట. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టి చూపించాను: వె, జి, ట, బుల్. నాలుగు. కాదు మాస్టారూ, జి మింగేస్తారు అంది. కంఫర్టబుల్‌లో అయితే సగం మాట మింగేస్తారు. రాసేది ఒకటి, మింగేది ఒకటి. మన భాషలో అక్షరం రాశామంటే పలుకుతాం. దానికి ఇవ్వాల్సిన కాలం దానికి ఇస్తాం. ఇక్కడ బరువున్న ముక్క ఒక్కటే రాజు, మిగతావన్నీ దాని ముందు నంగి నంగిగా నోట్లో నోట్లో గొణుక్కోవాలి. మాటలో ఎన్ని ముక్కలున్నా పెద్ద కుర్చీ ఒక్కటే.

తెలుగు పద్యపాదంలో గురువులు ఎంతమందైనా ఉంటారు. ఎవరి చోటు వాళ్ళది. నేనిది చెబితే బిందు "బాగుంది మాస్టారూ," అంది. నేను పొగడ్త కోసం చెప్పలేదు.

జనవరి 29

వెళ్ళాను. రిఫ్రిజిరేటర్. ఛీ.

ఫిబ్రవరి 3, సోమవారం

ఇవాళ మూడో తరగతి నాకు అప్పగించారు. బిందు వెనక బెంచీలో కూర్చుంది. నాకు చెమటలు పట్టాయి. కోపానికి పట్టిన చెమటలే.

బిందు చెప్పినట్టు బరువు ముక్క కింద గీత గీశాను. పిల్లలకి ఎక్కలేదు. రెండోసారి గీశాను, ఎక్కలేదు. గీత చెరిపేసి, చేతి అలవాటు కొద్దీ పైన U పెట్టాను. తక్కిన ముక్కల మీద నిలువు గీతలు. పదో తరగతి వాళ్ళకి పద్యం గణవిభజన చేసేటప్పుడు పెట్టే గుర్తులే. గిన్నె ఉన్నది గురువు, పుల్ల ఉన్నది లఘువు అని చెప్పాను. లఘువుకి చిటిక వెయ్యండి, గురువుకి చప్పట కొట్టండి అన్నాను. లఘువంటే చిటిక వేసేంత కాలమని మా మాస్టారు నాకు చెప్పిందే.

ఫోటోగ్రాఫర్. చిటిక, చప్పట, చిటిక, చిటిక.

ఒక్కసారిగా గది మోగిపోయింది. రాజకుమారి అని ఒక పిల్ల ఉంది, రెండు జడలు, ముందు పన్ను లేదు. ఆ పిల్ల బెంచీ ఎక్కి మరీ కొట్టింది. ఎడ్యుకేషన్ అంటే చిటిక, చిటిక, చప్పట, చిటిక. ఎవరూ చెప్పకుండానే.

బిందు వెనక నుంచి లేచి వచ్చి, "ఇది నాకెందుకు తోచలేదు మాస్టారూ?" అంది.

ఎందుకు తోస్తుంది, మీకు తెలుగు పీరియడంటే కూనిరాగాలు తీసే పీరియడు కదా అన్నాను. అనకుండా ఉండాల్సింది. లేదు, అనాల్సిందే.

ఫిబ్రవరి 12, బుధవారం

అందరి ముందూ నా పరువు తీసింది.

వారం రోజులుగా మూడో తరగతికి ఒక సూత్రం నేర్పుతున్నాను. నేనే కనిపెట్టాను. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు. తెలుగులో ఇది తిరుగులేని సూత్రం, ఐదో తరగతి పిల్లాడైనా చెబుతాడు. ఎక్స్‌ప్రెస్‌లో ఎ గురువు. మిస్టేక్‌లో మి గురువు. సెప్టెంబర్‌లో సె, అడ్మిషన్‌లో అ. పిల్లలు చప్పట, చిటిక అని కొడుతుంటే నా కడుపు నిండిపోయింది. సూత్రం లేదంది కదా, ఇదిగో సూత్రం అని చూపిద్దామని ఇవాళ బిందుని పిలిచాను.

గుమ్మం దగ్గర నిలబడి వింది. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లిగా, "మాస్టారూ, ఎక్స్‌ప్రెస్‌కి ప్రె మీదండి బరువు. మిస్టేక్‌కి టేక్ మీద. మిగతావీ రెండోదానికే," అంది.

"మరి సిస్టర్?" అన్నాను.

"అది కుదిరింది మాస్టారూ. కొన్ని కుదురుతాయి."

"నాకు నేర్పొద్దమ్మా. నువ్వు పుట్టకముందు నుంచి సుద్దముక్క పట్టినవాణ్ణి. మీ ఇంగ్లీషులో సూత్రం లేకపోతే అది మీ ఖర్మ. నా క్లాసులోకి వచ్చి నా తప్పులు ఎంచడానికి నువ్వెవరు?"

అరిచాను. పక్క గదిలో లెక్కలు ఆగిపోయాయి. పిల్లలు చేతులు మధ్యలో ఆపి కూర్చున్నారు. బిందు ముఖం ఎర్రగా అయింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. "పిల్లలు తప్పు నేర్సుకుంటే మళ్ళీ పోదు మాస్టారూ. అందుకని సెప్పేను," అని, అక్కడే నిలబడింది.

మళ్ళీ మొదటి నుంచి చెప్పించాల్సి వచ్చింది. చిటిక, చప్పట. చిటిక, చప్పట. రాజకుమారి అయితే, "అంటే మాస్టారూ, ఇన్నాళ్ళూ తప్పు కొట్టేమా?" అని అడిగింది.

ఆ పిల్ల చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు కదా. ఏం పోయేది?

ఫిబ్రవరి 13

క్షమాపణ చెప్పలేదు. నేను వెళ్ళింది అందుకు కాదు. జంతికలు ఎక్కువయ్యాయని తాయారు డబ్బాలో పెట్టి ఇచ్చింది, ఎవరో ఒకరికి ఇవ్వాలి కదా అని బిందుకి ఇచ్చాను. "మా అమ్మకి పళ్ళు బాగున్నాయి మాస్టారూ, ఇష్టంగా తింటాది," అంది.

తాయారు జంతికలు చెయ్యలేదు. బజార్లో కొన్నాను. తాయారుకి చెప్పలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

విజయ్‌కుమార్ క్లాసుకొచ్చాడు. ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీశాడు. పిల్లలు రెస్పాన్సిబిలిటీ కొట్టారు. చిటిక, చిటిక, చిటిక, చప్పట, చిటిక, చిటిక. కరస్పాండెంట్ కూడా కొట్టమన్నాడు. రెండు చిటికలు, చప్పట, చిటిక. తన పేరు కాకపోయినా తన హోదాకి చప్పట పడినందుకు తెగ మురిసిపోయాడు.

నేను కూడా సంతోషించాను. ఎందుకు రాయకూడదు, సంతోషించాను. ఇంటికొచ్చి తాయారుకి కంప్యూటర్ చెప్పించాను. చిటిక, చప్పట, చిటిక. ఆవిడ చేతికి శనగపిండి ఉంది, అలాగే కొట్టింది.

ఫిబ్రవరి 24, సోమవారం

ఆఫీసు గదికి పిలిచాడు. తలుపు వెయ్యమన్నాడు.

"మాస్టారూ, మీరు ఇరగదీసేరు. ఇంక ఇబ్బంది లేదు. జూన్ నుంచి తెలుగూ మీదే, ఫోనిక్సూ మీదే. ఒక మనిషి సరిపోతాది. బిందు మేడంని ఏప్రిల్‌తో ఆపీద్దాం. ఇప్పుడే ఆవిడకి అనకండి. పరీక్షలు అయ్యేదాకా ఉండాల కదా."

ఫ్యాన్ తిరుగుతూ ఉంది. గోడ మీద వాళ్ళ నాన్న ఫోటో, దండ.

సరే అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు. బయటికొచ్చాక వాటర్ ట్యాంకు దగ్గర చెయ్యి కడుక్కుంటున్న పిల్లవాణ్ణి నీళ్ళు పారబోస్తున్నావని తిట్టాను. సైకిల్ స్టాండు తన్నాను. ఎంత దుర్మార్గుడు. పని నేర్పించుకుని, నేర్పినవాళ్ళనే గెంటేస్తాడా? ఏమనుకుంటున్నాడు మనుషులంటే? బెల్లం దిమ్మలనుకుంటున్నాడా?

బిందుకి చెప్పాలి. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 25

చెప్పలేదు. తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలని మధ్యాహ్నం సెలవు పెట్టింది. అలాంటప్పుడు ఏం చెబుతాం.

ఫిబ్రవరి 26

శివరాత్రి. బడి లేదు కాబట్టి చెప్పలేదు.

ఫిబ్రవరి 27

చెప్పలేదు. జలుబు చేసినట్టుంది ఆ పిల్లకి.

ఫిబ్రవరి 28

విజయ్‌కుమార్ లాంటివాళ్ళ వల్లే ఈ దేశం ఇలా ఉంది.

మార్చి 3, సోమవారం

తాయారు కంచం ముందు పెట్టి కూర్చుంది.

"ఏటయ్యింది మీకు? వారం నుంచి పిల్లినీ కుక్కనీ ఒగ్గకుండా తిడతన్నారు. ఉజ్జోగం ఉంటాది అన్నారు కదా. మరి కోపం ఎవులి మీద?"

చెప్పాను. అంతా చెప్పాను. విజయ్‌కుమార్‌ని ఎన్ని మాటలు అనాలో అన్నీ అన్నాను. గొంతు పెద్దదై, పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది.

తాయారు అంతా విని, "ఇవన్నీ ఆయనతో అన్నారేటి?" అంది.

కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయాను. ఆవిడకి బయట ప్రపంచం ఏం తెలుసు? యాభై మూడేళ్ళ తెలుగు పండితుణ్ణి ఎవరు తీసుకుంటారు? నేను ఏం తిని బతకాలి, ఆవిడకి ఏం పెట్టాలి? కోపం తెచ్చుకోవడం కూడా ఒక పనే. ఎవరో ఒకరు కోప్పడాలి.

మార్చి 6

బిందు ఇవాళ నాకు అంతర్జాతీయం నేర్పింది. ఇంటర్నేషనల్. చిటిక, చిటిక, చప్పట, చిటిక, చిటిక. సరిగ్గా కొట్టానని సంతోషించింది. మా బోర్డు మీద ఉన్న మాట ఇంతకాలానికి ఒకడు సరిగ్గా పలికాడు.

ఆ పిల్ల ముఖం చూడలేకపోతున్నాను. చూడలేకపోవడం వల్ల ఇంకా కోపం వస్తోంది.

మార్చి 8, శనివారం

మార్గం దొరికింది.

రేపు డెమో. పేరెంట్సు అందరూ వస్తారు. వాళ్ళ ముందు నేను తప్పు చెబుతాను. నా పాత సూత్రం ప్రకారం గుర్తులు పెడతాను. అందరూ చూస్తారు, ఈ ముసలాయనకి ఏమీ రాదని తేలిపోతుంది. విజయ్‌కుమార్ తల పట్టుకుంటాడు. అప్పుడు బిందు కావలసి వస్తుంది. నేను ఎవరితోనూ ఒక్క మాట కూడా అనక్కర్లేదు. నా ఉద్యోగం పోతే పోనీ. ఎంత గొప్ప త్యాగం చేస్తున్నానో ఎవరికీ తెలియనివ్వను. తాయారుకి కూడా.

రేపు వేసుకోవడానికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాను.

మార్చి 9, ఆదివారం

షామియానా వేశారు. మైకు పెట్టారు. కుర్చీలు చాలక జనం నిలబడ్డారు. చీపురుపల్లి బజారులో సగం షాపులవాళ్ళు అక్కడే ఉన్నారు, బంగారు కొట్టు నుంచి ఎరువుల కొట్టు దాకా. గరివిడి కాలనీ నుంచి కూడా వచ్చారు. బిందు పక్కన నిలబడి పిల్లల జడలు సరిచేస్తోంది.

నేను బోర్డు మీద ఎక్స్‌ప్రెస్ అని పెద్ద అక్షరాలతో రాశాను. ఎ మీద గిన్నె పెట్టాను. ప్రెస్ మీద పుల్ల గీశాను.

"చూడండి పిల్లలూ. చప్పట, చిటిక. ఎక్స్‌ప్రెస్," అన్నాను మైకులో.

ఎవరూ కొట్టలేదు.

"కొట్టండి," అన్నాను.

రాజకుమారి లేచింది. "మాస్టారూ, తప్పండి."

"తప్పు కాదు. కూర్చో."

"తప్పేనండి. చిటిక, చప్పటండి. ప్రె కి ఒత్తాలండి."

జనంలో నవ్వు. నాకు కోపం వచ్చింది. నటన కాదు, నిజంగానే వచ్చింది. "నేను చెప్పిందే రైటు," అన్నాను. బోర్డు మీద సెప్టెంబర్ రాసి మొదటిదాని మీద గిన్నె పెట్టాను. పిల్లలందరూ లేచారు. అందరూ కలిసి, "కాదండీ," అన్నారు. చిటిక, చప్పట, చిటిక. అడ్మిషన్ రాశాను. నా చేతిలో సుద్దముక్క ఇంకా బోర్డు మీదే ఉండగానే చిటిక, చప్పట, చిటిక అని షామియానా అదిరేలా కొట్టారు. ఒక చిన్నవాడు బోర్డు దగ్గరికి వచ్చి నేను పెట్టిన గిన్నె చెరిపి, పక్క ముక్క మీద పెట్టి వెళ్ళాడు.

పేరెంట్సు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నేను మైకు పట్టుకుని, "నిజంగా నాకు రాదండీ, నేను తప్పే చెప్పాను," అన్నాను. ఇంకా గట్టిగా నవ్వి, ఇంకా గట్టిగా కొట్టారు.

విజయ్‌కుమార్ పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టుకున్నాడు. "ఏం టెక్నిక్కండీ మాస్టారూ, కావాలని తప్పు సెప్పి పిల్లల సేత దిద్దించడం. ఎవులికొస్తాది ఇలాంటి ఆలోచన?" అన్నాడు. మైకులో కూడా అదే చెప్పాడు. శాలువా కప్పాడు. సాయంత్రానికి ఒకటో తరగతి సీట్లు నిండిపోయాయట.

ఇంటికొచ్చి శాలువా కుర్చీ మీద పడేశాను. తాయారు తీసి మడతపెట్టింది. నాకు ఓడిపోవడం కూడా చేతకాలేదు.

మార్చి 10, సోమవారం

చెప్పేశాను.

బడి వదిలాక మూడో తరగతి గదిలో. ఆఫీసు గదిలో అతను అన్నది, నేను సరే అన్నది, డెమోలో కావాలని తప్పు చెప్పింది, అన్నీ. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే ఏమనాలో కూడా ఆలోచించుకుని వెళ్ళాను.

బోర్డు తుడుస్తూ వింది. చివరికి డస్టరు కింద పెట్టింది.

"నాకు జనవరిలోనే తెలుసు మాస్టారూ."

"ఏం తెలుసు?"

"మీటింగు రోజు పొద్దున్నే సార్ నన్ను పిలిచి సెప్పేరు. జూన్ నుంచి ఒక్కరే ఉంటారు, మాస్టారు నేర్సుకుంటే ఆయన ఉంటారు, నేర్సుకోలేకపోతే నువ్వు ఉంటావు అన్నారు. ఎలగ నేర్పుతావో నీ ఇష్టం అన్నారు."

నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నా సూత్రం తప్పని గుమ్మం దగ్గర నుంచి వచ్చి చెప్పిన రోజు. ఆ రోజు ఊరుకుని ఉంటే నేను ఆ తప్పుతోనే డెమోకి వెళ్ళేవాణ్ణి. పిల్లలు ఆ తప్పే కొట్టేవాళ్ళు. ఆ పిల్ల ఉద్యోగం నిలబడేది. నేను ఆ రోజు నువ్వెవరు అని అరిచాను.

"మరి ఎందుకమ్మా నేర్పావు?" అన్నాను.

"ఎందుకేటి మాస్టారూ. నేర్పమన్నారు, నేర్పేను. తప్పు నేర్పడం నాకు రాదు." తర్వాత గొంతు మారింది. ఆ పిల్లకి కోపం రావడం నేను మొదటిసారి చూశాను. "మీరు పిల్లల ముందు కావాలని తప్పు సెప్పేరా? రాజకుమారి రాత్రంతా నిద్దరపోలేదట, మాస్టారికి ఎదురు సెప్పేను, తిడతారేమో అని. వాళ్ళమ్మ పొద్దున్న నాతో అన్నాది. నాకోసం అని ఆ పని సేసేరా? నాను అడిగేనా?"

"నా ఉద్యోగం పోతే నీది ఉంటుందని..."

"సార్ దగ్గరికెళ్ళి నాను సెప్పను అంటే అయిపోయేది కదా మాస్టారూ. ఫోనిక్స్ నాను సెప్పను అని. ఒక్క మాట. శాలువాలూ మైకులూ అక్కర్లేదు. ఇంత గొంతు ఉన్నాది మీకు. నా మీద అరిసేరు, పిల్లల మీద అరిసేరు. ఆ గదిలోకెళ్తే ఏటవుతాది మీకు?"

బ్యాగు భుజానికి వేసుకుని వెళ్ళిపోయింది. నేను గదిలో కూర్చున్నాను. అరవడానికి ఎవరూ లేరు. ఉన్నా అరిచేవాణ్ణి కాదు.

ఇన్నాళ్ళూ నా కోపం చూసి నేను ధైర్యవంతుణ్ణి అనుకున్నాను. నాకంటే చిన్నవాళ్ళ దగ్గర మాత్రమే వచ్చే కోపం అది. సిగ్గేస్తోంది.

మార్చి 11, మంగళవారం

వెళ్ళాను. టీ తెప్పించాడు. నేను తాగలేదు.

"ఫోనిక్స్ నేను చెప్పను," అన్నాను.

"ఏటి మాస్టారూ, జీతం సంగతా? మాట్లాడుకుందాం."

"జీతం సంగతి కాదు. ఆ పని బిందుది. నాకు నేర్పింది ఆవిడ, పిల్లలకి వచ్చింది ఆవిడ వల్ల. నేను తెలుగు చెబుతాను."

"తెలుగు సగమే ఉంటాది. సగం జీతమే వస్తాది."

"తెలుసు."

"ఆదివారం అందరూ మిమ్మల్ని సూసి సీట్లు తీసుకున్నారు."

"అందుకే జూన్లో వాళ్ళకి చెప్పగలిగే మనిషి కావాలి మీకు. నేను చెప్పను. అది ఆవిడే."

టీ కప్పు నా వైపు జరిపాడు. "మీరు కోపంలో ఉన్నారు మాస్టారూ. రెండ్రోజులు ఆగి రండి," అన్నాడు.

"కోపంలో లేను," అన్నాను. నిజంగా లేను.  మళ్ళీ అదే మాట చెప్పి లేచి వచ్చాను. వచ్చేటప్పుడు ఎవరినీ తిట్టలేదు.

సాయంత్రం బిందుని పిలిచాడు. జూన్ నుంచి ఉండమన్నాడు. కాగితం మీద రాసిస్తే ఉంటానందట. రాసిచ్చాడు. ఆటో ఎక్కేటప్పుడు నాకు ఆ విషయం చెప్పింది. థాంక్స్ చెప్పలేదు. "రాజకుమారితో ఒకసారి మాట్లాడండి మాస్టారూ," అంది. రేపు మాట్లాడతాను. ఈ రేపు ఆ రేపు లాంటిది కాదు.

అన్నం తినేటప్పుడు తాయారుకి చెప్పాను.

"అరిసీసేరా?" అంది.

"లేదు."

"మరేటన్నారు?"

"చెప్పను అన్నాను. అంతే."

 "జూన్ నుంచి ఎలగ మరి?" అంది తాయారు, మామూలుగానే. నాకు తెలీదు అన్నాను. ఇంకో ముద్దకి పప్పు వేసింది.

కోపం కోసం వెతికాను, దొరకలేదు. భయంగా ఉంది. ఇన్నాళ్ళూ ఈ డైరీలో కోపం అని రాసుకున్నదంతా ఇదే.